ఆకు వక్కల పళ్ళెం

కిందటి వారం కథ ఆపేటప్పటికి మా మాస్టారిని క్లాంగ్ హిల్ కాలేజీ మైదానంలో పదిమంది ఆటగాళ్ళ ముందు తల గోక్కుంటూ నిలబెట్టి వదిలేశాను. పదకొండోవాడు, గోల్‌కీపర్ గోవిందన్, గురువారం పొద్దున్న చెప్పాపెట్టకుండా పోలీసుల్లో చేరిపోయాడు. శనివారం నాలుగు గంటలకి కౌలాలంపూర్ వాళ్ళతో ఆట. ఒకప్పుడు వరసగా నాలుగేళ్ళు ఫుట్‌బాల్ పోటీల డాలు గెలిచి తెచ్చిన కాలేజీ మాది. ఈ ఏడాది గెలిచిన ఆట ఒక్కటంటే ఒక్కటి లేదు. ప్రిన్సిపాల్ దొర తేల్చి చెప్పేశాడు, శనివారం కూడా ఓడితే జట్టు రద్దు, మైదానం మిలిటరీ లారీలు నిలుపుకోవడానికి ఇచ్చేస్తామని.

మాస్టారంటే అచ్చయ్య మాస్టారు, నా మొగుడు. పొద్దున్న లెక్కలు చెబుతారు, సాయంత్రం ఫుట్‌బాల్ నేర్పుతారు. నేను రత్నావతిని. ఈ కథంతా చెబుతున్నదాన్ని కాబట్టి నాకు తోచినప్పుడల్లా ఆయన్ని విసుక్కుంటాను, మీరేమీ అనుకోకండి. మూడు నెలలుగా ఆ మనిషి సైకిలేసుకుని ఎస్టేటు ఎస్టేటుకీ తిరిగారు. ఒకచోట కుక్కలు తరిమాయి, ఒకచోట క్లర్కు నవ్వాడు, ఇంకోచోట కమ్యూనిస్టుల మనిషేమోనని రెండు గంటలు కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "రత్నా, ఇవాళ మంచి లెఫ్టు కాలు ఒకటి చూశాను" అనేవారు. ఏం మనిషండీ! కాలిని చూస్తారు గాని ఆ కాలు ఎవరిదో కూడా అడిగి రారు.

అలా చూసినవాళ్ళలో అప్పడు ఒకడు. బంటింగ్ దగ్గర బుకిట్ సెరయ్ ఎస్టేటులో రబ్బరు గీసే కుర్రాడు, పద్దెనిమిదేళ్ళు. ఇంగ్లీషు బడిలో ఎనిమిది దాకా చదివి, తండ్రి పోయాక మానేశాడు. రెండు వారాల కిందట ఎస్టేటు పాడంగులో, అదే ఆటల మైదానంలో, వాడు గోలు కాస్తుంటే మాస్టారు చూశారు. ఉత్త కాళ్ళు, రబ్బరు పాల మరకలతో నల్లబడ్డ చేతులు. తొమ్మిది బంతులు కొడితే తొమ్మిదీ పట్టాడట. ప్రిన్సిపాల్ కాళ్ళా వేళ్ళా పడి, ఫీజు లేకుండా టైపు క్లాసులో సీటు ఇప్పించారు. వాళ్ళమ్మ వేలిముద్ర వేసిన కాయితం శనివారం మూడున్నరకల్లా దొర బల్ల మీద ఉంటే, వాడు మా విద్యార్థే, ఆడొచ్చు. లేకపోతే లేదు.

అదుగో, ఆ వేలిముద్ర కోసం శనివారం పొద్దున్నే బయల్దేరాం. బట్టల కొట్టు వెంకటరావు గారు తన పాత మోరిస్ కారు ఇచ్చారు. ఆడమనిషి ఉంటే తల్లి నమ్ముతుందని మాస్టారు నన్ను కూడా రమ్మన్నారు. నేనేమో ఒకరింటికి అడగడానికి పోతూ ఊరికే చేతులూపుకుంటూ పోతామా అని ఇత్తడి పళ్ళెం తోమి, ఆకులు, వక్కలు, ఒక కొబ్బరికాయ, అరటి అత్తం పెట్టుకున్నాను. మా అమ్మ నేర్పిన మర్యాద అది. ఆ మర్యాదే కొంప ముంచుతుందని నాకేం తెలుసు?

బుకిట్ సెరయ్ చుట్టూ రెండు వరసల ముళ్ళకంచె. గేటు దగ్గర స్పెషల్ కానిస్టేబులు, తమిళాయన, పళ్ళెం చూసి కనుబొమలు ఎగరేశాడు. కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. అరటిపళ్ళు ఒక్కొక్కటే ఒత్తి చూశాడు.

"ఉళ్ళే పోలామ్ అమ్మా," లోపలికి పోవచ్చు అన్నాడు, తరవాత ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర లా తగిలిస్తూ తెలుగులో అందుకున్నాడు. "లోపలికి ఏదైనా తీసుకెళ్ళండి. బయటికి మాత్రం ఒక్క పండు రాకూడదు లా. అడవిలో ఉన్న కమ్యూనిస్టోళ్ళకి చేరిపోతుందని రూలు. ఏడింటికి గేటు మూసేస్తాం. ఆ తరవాత లోపలోళ్ళు లోపలే, బయటోళ్ళు బయటే."

తలకాయ ఊపి లోపలికెళ్ళాం. లైను ఇళ్ళు బారుగా ఉన్నాయి, గీత పని ముగించి అప్పుడప్పుడే జనం వచ్చి బకెట్లు కడుక్కుంటున్నారు. రబ్బరు పాల కంపు ముక్కుపుటాలకి కొడుతోంది. నా చేతిలో పళ్ళెం చూడగానే పక్కింటి దేవుడమ్మ అనే ముసలావిడ రెండు చేతులూ చరిచింది.

"దాలప్పా! ఓ దాలప్పా! నీ పాపాయికి సంబంధం వచ్చినాదే!"

దాలప్ప అంటే అప్పడి తల్లి దాలమ్మ, వాళ్ళ యాసలో అప్ప అంటే అక్క. పాపాయి అంటే వాడి చెల్లెలు. పదిహేనేళ్ళ పిల్ల. గబుక్కున ఇంట్లోకి దూరి తలుపు సందులోంచి మా మాస్టారిని ఎగాదిగా చూసింది. బట్టతల, కళ్ళజోడు, నలభై దాటిన మొహం. ఆ పిల్ల మొహంలో బెంగ చూసి నాకు నవ్వాగలేదు. "కాదు తల్లీ, మేము మీ అన్నయ్య కోసం వచ్చాం" అన్నాను.

అప్పుడు దాలమ్మ బయటికొచ్చింది. సన్నటి మనిషి, తలకి గుడ్డ, మోచేతుల దాకా ఎండిన పాల చారలు. వెనకాలే అప్పడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిక్కరు జేబుల్లో పెట్టుకున్నాడు. దాలమ్మ మా మొహాలు చూడలేదు. పళ్ళెం చూసింది. చూసిన మనిషి అలా నిలబడిపోయింది.

"ఆ పళ్ళెం కింద ఎట్టండమ్మా," అంది. "నా సేతికి ఇయ్యకండి."

నేను బిత్తరపోయి కింద పెట్టాను. మాస్టారికి ఇదేమీ పట్టలేదు. గొంతు సవరించుకుని, దారంతా కారులో వల్లె వేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టారు. "అమ్మా, మీ కుమారుని హస్తాలలో అపూర్వమైన నైపుణ్యం ఉన్నది. మా కళాశాల..."

"ఏటంటన్నాడ్రా ఈ బాబు?" అని దాలమ్మ కొడుకుని అడిగింది.

"బంతి బాగా పడతానంటన్నారమ్మా."

"అది నాకు తెలీదేటి? పొద్దంతా ఆ బంతాట, ఆ బోలాయే గదా నీకు." మాస్టారి వైపు తిరిగింది. "కాయితం తెచ్చినారా బాబూ? ఏలుముద్ర కావాలా?"

మాస్టారు సంతోషంగా కాయితం తీసి చూపించారు. సీటు సంగతి చెప్పారు, టైపు నేర్చుకుంటే ఆఫీసులో ఉద్యోగం వస్తుందని చెప్పారు. వచ్చే ఏడాది మెర్దేకా, స్వాతంత్ర్యం వస్తోంది, ఈ దేశం మనది కాబోతోంది, చదువుకున్నవాళ్ళు కావాలి అన్నారు.

"మెర్దేకా వస్తే ఈ కంచె తీసేస్తారా?" అని అడిగింది దాలమ్మ.

"తీసేస్తారనే అనుకుంటున్నాను," అన్నారు. మా ఆయనకి తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం రాదు.

ఆవిడ గడప మీద కూర్చుంది. కోపంగా మాట్లాడలేదు. ఆ మాటలు విన్నప్పుడు, కోపంగా అని ఉంటేనే బాగుండుననిపించింది నాకు.

"అప్పుడు నాను అయిదేళ్ళ పిల్లని బాబూ. మా ఊరి పేరు కూడా మరిసిపోయినాను. మా ఇంటి అరుగు మాత్రం గుర్తుంది. ఒక కంగాణి వచ్చినాడు, కూలోళ్ళని పోగేసి ఓడెక్కించేవోడు. తెల్ల పంచి, ఇలాటి పళ్ళెమే, ఇలాటి ఆకులే. మా అయ్య సేతిలో ఆకు వక్క ఎట్టి, మలయాలో మూడేళ్ళు పని సేస్తే సాలు, మళ్ళీ ఓడెక్కించి నానే తెస్తానన్నాడు. మా అయ్య ఏలుముద్ర ఏసినాడు. ఇక్కడ దిగినాక ఆ కాయితం కంగాణి తీసుకొని ఆడి పెట్టెలో ఎట్టి తాళం ఏసినాడు. మూడేళ్ళయినాది, ఆరేళ్ళయినాది. ఎప్పుడడిగినా వచ్చే ఓడకి అన్నాడు. కాయితం నేకపోతే ఎక్కడికి కదుల్తాడు మనిషి? సచ్చిపోయినరోజు కూడా ఓడ వచ్చినాదా అని అడిగినాడు మా అయ్య."

దేవుడమ్మ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"ఇప్పుడు మీరొచ్చినారు," అంది దాలమ్మ. "పళ్ళెం తెచ్చినారు, కాయితం తెచ్చినారు. నాకు మొగుడు నేడు. ఉన్న మగదిక్కు ఈడొక్కడు. మీరు మంచోళ్ళే కావచ్చు, ఆ కంగాణి కూడా నవ్వుతూనే మాటాడినాడు."

నాకు భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. పళ్ళెం తెచ్చింది నేనే కదా! ఎర్రబడ్డ మొహంతో దాన్ని వెనక్కి జరపబోయాను. అప్పుడే మాస్టారు అడిగారు, "ఆ కంగాణి పేరేమిటమ్మా?"

"పైడిసామి. తరవాత బంటింగ్‌లో కొట్టు ఎట్టుకొని గొప్పోడైపోయినాడు."

పైడిసామి నా మామగారు. మా ముందు గదిలో గంధపు దండ వేసిన ఫొటో ఆయనదే. ఆవిడ చెప్పిన తాళం పెట్టె కూడా నాకు తెలుసు, ఆకుపచ్చ ట్రంకు. ఆయన పోయాక తెరిస్తే, తాడుతో కట్టిన వేలిముద్రల కాయితాల దొంతర కనిపించింది. పాత ఎస్టేటు కాయితాలు, పారేయకండి అంది మా అత్తగారు. పెట్టె ఇప్పటికీ మా అటక మీద ఉంది. ఆ కాయితాల్లో ఎవరి బతుకులున్నాయో మేమిద్దరం ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మాస్టారి చొక్కా వెనకనుంచి పట్టుకుని గట్టిగా లాగాను. నోరెత్తకండి అని దాని అర్థం. ఆవిడకి తెలియదు, తెలిసే దారి లేదు. ఇంకో పది నిమిషాలు బతిమాలితే వేలిముద్ర వేసేదేమో. జట్టు నిలబడేది, మైదానం నిలబడేది, మూడు నెలల సైకిలు తొక్కుడు ఫలించేది. నోరు మూసుకుంటే ఏం పోయింది చెప్పండి?

ఆయన నా చెయ్యి మెల్లగా విడిపించుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ పుస్తకాల భాష ఎక్కడికి పోయిందో, చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో మాట్లాడిన భాష బయటికొచ్చింది.

"నాను ఆ పైడిసామి కొడుకునే, అమ్మా," అన్నారు. "ఆ పెట్టె మా ఇంట్లోనే ఉంది."

దాలమ్మ లేచి ఇంట్లోకి వెళ్ళిపోయింది. లోపల బకెట్ ధడాలున తన్నిన చప్పుడైంది. అప్పడు నేల చూపులు చూస్తున్నాడు. అయిపోయింది, పదండి అన్నాను మాస్టారితో. ఆయన కదల్లేదు. ఎండలో అలాగే నిలబడ్డారు. ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు, వచ్చిన గౌరవం మాత్రం అంతకంటే ఎక్కువ. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ రెండూ ఒక్కసారే రావడం అదే మొదలు.

దాలమ్మ మళ్ళీ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు సెప్పకపోతే నాకు తెలిసేదేటి?"

"తెలిసేది కాదు."

"మరెందుకు సెప్పినావు?"

"ఏలుముద్ర అడగడానికి వచ్చినాను. మా అయ్య అడిగినట్టు అడగకూడదనుకొన్నాను."

ఆవిడ కొడుకు వైపు తిరిగి, "నీకు పోవాలనుందేటిరా?" అంది.

అప్పడు తలెత్తాడు. "ఉందమ్మా. ఒక్క ఆటయినా సరే. బూట్లేసుకుని, వల ఉన్న గోలులో నిలబడాలనుంది."

"ఎప్పుడు తెస్తావు ఈణ్ణి?" అని మాస్టారిని అడిగింది.

"సాయంత్రం ఏడింటికి, గేటు మూసేలోగా. చదువు సంగతి సోమవారం నుంచి. రోజూ సాయంత్రం బస్సులో వచ్చేస్తాడు."

"మీ అయ్య కూడా మూడేళ్ళన్నాడు. మాట నాకొద్దు బాబూ. నీ ఐసీ తియ్యి."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఐసీ అంటే గుర్తింపు కార్డు, ఫొటో, వేలిముద్ర ఉన్నది. కమ్యూనిస్టులని అణచడానికి మలయా అంతటా పెట్టిన ఈ ఎమర్జెన్సీ రోజుల్లో మనిషి అన్నం లేకుండా ఒక పూట ఉండగలడు గాని ఐసీ లేకుండా రోడ్డు మీద ఒక మైలు నడవలేడు. అడుగడుక్కీ తనిఖీలే.

"అమ్మా, అది లేకపోతే ఈయన్ని దారిలోనే పట్టుకుపోతారు!" అన్నాను.

"తెలుసమ్మా," అంది దాలమ్మ. "కాయితం నేకపోతే మనిషి కదల్లేడని నాకంటే ఎవరికి తెలుసు? నా కొడుకు కాయితం మీ సేతిలో ఉంటాది. మీ ఆయన కాయితం నా సేతిలో ఉంటాది. ఈణ్ణి తెచ్చి నా గడప మీద నిలబెట్టండి, అది ఇచ్చేస్తాను. ఆ పెట్టెలో మా అయ్య కాయితం కూడా ఎతికి తెండి."

నేను ఇంకేదో అనబోయేలోపే మాస్టారు జేబులోంచి కార్డు తీశారు. రెండు చేతులతో, కాలేజీ డాలు అందుకునేటప్పుడు ఎలా వంగేవారో అలా వంగి ఆవిడకి ఇచ్చారు. దాలమ్మ ఫొటో చూసి, మనిషిని చూసి, మళ్ళీ ఫొటో చూసి నడుముకి కట్టుకున్న సంచిలో దోపుకుంది. అప్పుడు బొటనవేలు చాపింది. సిరా పూయనవసరమే లేదన్నట్టు నల్లగా ఉంది ఆ వేలు. కాయితం మీద ముద్ర నొక్కి, తన వేలిముద్రని కాసేపు చూసుకుంది.

"ఆ పళ్ళెం ఇక్కడే ఉండనీండి," అంది నాతో. "ఈడు తిరిగొచ్చినాక ఆకేసుకుంటాను."

అలాంటి తల్లిని నేను చూడలేదు. మోసపోయిన ఇంట్లో పుట్టి, మోసగాడి కొడుకుని ఎదురుగా పెట్టుకుని, తిట్టకుండా, ఏడవకుండా న్యాయం అడిగి తీసుకుంది. ఎంత చదివినవాళ్ళకి వస్తుందండీ ఆ తెలివి?

కారు గేటు దాటేసరికి పన్నెండున్నర. అప్పడు వెనక సీటులో, మాస్టారు తెచ్చిన కొత్త బూట్లు ఒళ్ళో పెట్టుకుని, తాళ్ళు ముట్టుకుని చూస్తున్నాడు. మాస్టారు స్టీరింగు పట్టుకుని హాయిగా, కార్నర్ కిక్ వచ్చినప్పుడు ఎక్కడ నిలబడాలో వాడికి చెప్పడం మొదలుపెట్టారు. వచ్చేటప్పుడు అదృష్టం కొద్దీ దారిలో తనిఖీ ఏమీ లేదు, పోయేటప్పుడూ ఉండదులే అని నేను దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను.

బంటింగ్ దాటి రెండు మైళ్ళు పోగానే రోడ్డుకి అడ్డంగా పీపాలు కనిపించాయి. పక్కన లారీ, ఆరుగురు సిపాయిలు. మమ్మల్ని ఎరిగిన సిపాయిలయితే మా బోలా మాస్టరే అని నవ్వి వదిలేసేవాళ్ళు. వీళ్ళు కొత్తవాళ్ళు. మలాయ్ సిపాయి ఒకడు కిటికీలోకి వంగి చెయ్యి చాపాడు.

"ఐసీ మానా?" అన్నాడు, ఐసీ ఏదీ అని.

నా కార్డు ఇచ్చాను. అప్పడు తనది ఇచ్చాడు. సిపాయి మాస్టారి వైపు చూశాడు. ఇంట్లో మరిచిపోయానని చెప్పండి అని కళ్ళతోనే వేడుకున్నాను. ఆయన చెబుతారా! మలాయ్ భాషలో నెమ్మదిగా, "ఉంది. బుకిట్ సెరయ్‌లో ఒక తల్లి దగ్గర కుదువ పెట్టాను" అన్నారు. సిపాయి వెనక్కి తిరిగి పై అధికారిని పిలిచాడు. ఆ అధికారి రెండు ప్రశ్నలడిగి, కారు పక్కకి పెట్టించి, కార్డు తెచ్చి చూపించేదాకా ఈ మనిషి బంటింగ్ ఠాణాలో ఉంటాడని చెప్పాడు.

కార్డు దాలమ్మ నడుము సంచిలో ఉంది. కొడుకు తిరిగి వస్తేనే ఇస్తుంది. ఇప్పుడే వెనక్కి తిరిగితే కార్డు వస్తుంది, ఆట పోతుంది. నాకు కారు నడపడం రాదు. మా వెనకాల క్లాంగ్ పోయే బస్సు తనిఖీ కోసం ఆగి ఉంది.

మాస్టారు వేలిముద్ర కాయితం నా చేతిలో పెట్టారు. "రత్నా, పిల్లాణ్ని తీసుకుని ఆ బస్సెక్కు. మూడున్నరకి దొర బల్ల మీద పెట్టు. నా కోసం వెనక్కి పోవద్దు."

"మీకేమైనా మతి ఉందా? మిమ్మల్ని లారీ ఎక్కిస్తున్నారు!"

"ఎక్కించనీ. నేను ఎక్కడికీ పోను. వాడు మాత్రం ఆడాలి, తిరిగి రావాలి. ఆ రెండూ నీ చేతిలో ఉన్నాయి."

ఆయన ఎప్పుడూ ఇంతే, నాకు చేతకాని పని కూడా చేతనైనట్టు అప్పజెప్పేస్తారు. అప్పడు కదల్లేదు. "మాస్టారిని వదిలి నాను రాను," అన్నాడు. మాస్టారు వాడి భుజం తట్టి, "గోలు వదిలి ముందుకి రావద్దు, అదొక్కటే గుర్తెట్టుకో" అన్నారు. వాణ్ని దాదాపు ఈడ్చుకుంటూ బస్సెక్కించాను. బస్సు కదిలింది. లారీ మీద కూర్చున్న మా ఆయన రెండు చేతులూ పైకెత్తి, ఒక చేతి అయిదు వేళ్ళూ రెండో చేతి రెండు వేళ్ళూ చూపించారు. ఏడు. తన సంగతి కాదు, ఏడింటి సంగతి! నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఇలాంటి మనిషికి పెళ్ళాన్నయినందుకు మొదటిసారి గర్వంగా కూడా అనిపించింది.

కండక్టరు టిక్కెట్లు చింపుతూ వచ్చాడు. క్లాంగ్‌కి రెండు అన్నాను. సాయంత్రం బంటింగ్‌కి తిరిగి రావాలి, బస్సులు ఎంతదాకా ఉంటాయి అని అడిగాను.

"కర్ఫ్యూ కదమ్మా," అన్నాడు. "క్లాంగ్ నుంచి ఆఖరి బస్సు అయిదింటికి లా. అది తప్పిందా, మళ్ళీ రేపు పొద్దున్నే."

ఆట మొదలయ్యేది నాలుగింటికి. ముగిసేసరికి అయిదున్నర అవుతుంది, ఆఖరి బస్సు పోయి అప్పటికి అరగంట. పక్క సీటులో అప్పడు అప్పటికే వంగి, నాలుక బయటపెట్టి, కొత్త బూట్ల తాళ్ళు బిగించి కట్టుకుంటున్నాడు.